న్యాయమూర్తి గవర్నరైతే ఆ జీవితాన్ని రాయడం ఎలా?

విశ్రాంత న్యాయమూర్తి ఒకరిని గవర్నరుగా నియమిస్తున్నట్లు రాష్ట్రపతి భవన్ నుంచి ప్రకటన వెలువడిన సాయంత్రానికే ఆయన జీవిత విశేషాలు పత్రికా కార్యాలయాలన్నిటికీ చేరిపోతాయి. పుట్టిన ఊరు, చదివిన కళాశాల, న్యాయవాదిగా పేరు నమోదైన తేదీ, హైకోర్టు, సుప్రీంకోర్టు, ఆపైన రాజ్‌భవన్. ఇవన్నీ నిజాలే కావచ్చు గానీ, వీటిని వరుసగా పేర్చినంత మాత్రాన అది జీవిత చరిత్ర కాదు, ఎక్కిన మెట్ల లెక్క మాత్రమే అవుతుంది. న్యాయవాదుల సంఘం సావనీరు కోసమో, కళాశాల వార్షిక సంచిక కోసమో, విజ్ఞాన సర్వస్వం కోసమో, లేదా పుస్తకంగానో ఇటువంటి వ్యక్తి జీవితాన్ని రాయవలసి వచ్చినవారు పనిని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ కాగితాలను ఎలా చదవాలో, ఎక్కడ పొరబడే ప్రమాదముందో ఇక్కడ వివరిస్తాను.

ఈ రాతలో అసలు చిక్కు ఒక్కటే. న్యాయమూర్తి తన నిర్ణయానికి తానే కారణాలు రాసి, చదివి, సంతకం చేస్తాడు. ఆయన వృత్తి జీవితమంతా ఆయన సొంత వాక్యాలలోనే దొరుకుతుంది. గవర్నరు మాట్లాడే మాటల్లో అధిక భాగం మంత్రిమండలి రాసిచ్చినవి. ఆయన సంతకం కింద వెలువడే ఉత్తర్వులు ప్రభుత్వం నిర్ణయించినవి. మనిషి ఒక్కడే అయినా జీవితంలోని రెండు భాగాలకూ సాక్ష్యం ఇచ్చే కాగితాల స్వభావం పూర్తిగా వేరు. అందువల్ల చేతికి వచ్చిన ప్రతి కాగితం దగ్గరా, అది తీర్పు కానివ్వండి, ప్రసంగం కానివ్వండి, ఉత్తర్వు కానివ్వండి, ‘ఈ మాట ఎవరిది?’ అని ముందు అడగాలి.

పదవి ఏ రకమైనదో ముందుగా తేల్చుకోవాలి

‘మాజీ గవర్నరు’ అని రాసి ఉన్న ప్రతి న్యాయమూర్తీ ఒకే విధంగా గవర్నరు కాలేదు. రాజ్యాంగంలోని 155వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి తన సంతకంతో, ముద్రతో నియామక పత్రం ఇస్తే వచ్చే పూర్తికాలపు పదవి ఒకటి. గవర్నరు పదవి హఠాత్తుగా ఖాళీ అయినప్పుడో, గవర్నరు అందుబాటులో లేనప్పుడో 160వ అధికరణ కింద చేసే తాత్కాలిక ఏర్పాటు మరొకటి. ఈ రెండో పద్ధతిలో బాధ్యత తరచుగా ఆ రాష్ట్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికే దక్కేది. ఆంధ్రప్రదేశ్‌లో ఖండూభాయి దేశాయి తరువాత 1975లో గవర్నరు బాధ్యతలు స్వీకరించిన జస్టిస్ ఎస్. ఓబుల్ రెడ్డి, 1977లో కొద్ది నెలలు ఆ బాధ్యతలు చూసిన జస్టిస్ బి.జె. దివాన్ ఇద్దరూ రాష్ట్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తులే. 1964–65లో మద్రాసు రాష్ట్రానికి తాత్కాలిక గవర్నరుగా పనిచేసిన జస్టిస్ పి. చంద్రారెడ్డి, 1985లో మహారాష్ట్రలో అదే బాధ్యత వహించిన జస్టిస్ కొండా మాధవరెడ్డి కూడా ఈ కోవలోని తెలుగువారే. వీరి జీవితాలలో రాజ్‌భవన్ ఒక అధ్యాయం కాదు, ఒక పేరా. ఆ పేరాను అధ్యాయంగా సాగదీస్తే వారి న్యాయ జీవితం చిన్నబోతుంది.

పదవీ విరమణ చేశాక పూర్తికాలపు గవర్నర్లయినవారి వరస వేరు. సుప్రీంకోర్టు తొలి న్యాయమూర్తులలో ఒకరైన సయ్యద్ ఫజల్ అలీ ఒరిస్సాకూ తరువాత అస్సాంకూ, సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి ఎం. ఫాతిమా బీవీ తమిళనాడుకూ, భారత ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి. సదాశివం కేరళకూ, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా విరమించిన ఎస్. అబ్దుల్ నజీర్ ఆంధ్రప్రదేశ్‌కూ గవర్నర్లుగా వెళ్లారు. హైకోర్టుల నుంచి వచ్చినవారూ ఉన్నారు: పంజాబ్–హర్యానా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఎం. రామా జోయిస్ 2002 నుంచి జార్ఖండ్‌కూ, ఆ తరువాత బిహార్‌కూ గవర్నరుగా ఉన్నారు. అమెరికాలో గవర్నరును ప్రజలే ఎన్నుకుంటారు. అక్కడ కాలిఫోర్నియా గవర్నరు ఎర్ల్ వారెన్ 1953లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయినట్లు ప్రయాణం ఎదురు దిశలో సాగిన ఉదాహరణలూ ఉన్నాయి. ఆ చరిత్రలను మన కొలతలతో చూడకూడదు కాబట్టి ఇక్కడి మాటలన్నీ మన దేశానికే పరిమితం.

తేదీల పట్టిక

రాయడానికి కూర్చోకముందే ఒక పట్టిక తయారుచేసుకోవాలి. న్యాయవాదిగా నమోదు, కింది కోర్టులో నియామకం ఉంటే అది, హైకోర్టులో అదనపు న్యాయమూర్తి (పరిమిత కాలానికి నియమితుడైన న్యాయమూర్తి) కావడం, శాశ్వత న్యాయమూర్తి కావడం, బదిలీలు, సుప్రీంకోర్టు, పదవీ విరమణ, గవర్నరు నియామక ప్రకటన, ప్రమాణ స్వీకారం, ఆ పదవి ముగిసిన తీరు. వీటిలో ఏ రెండింటినీ ఒకటిగా కలపకూడదు. అదనపు న్యాయమూర్తి నియామకాన్నీ శాశ్వత నియామకాన్నీ కలిపేయడం తరచుగా కనిపించే తప్పు. జస్టిస్ నజీర్ 2003 మే 12న కర్ణాటక హైకోర్టులో అదనపు న్యాయమూర్తి అయ్యారు, 2004 సెప్టెంబరులో శాశ్వత న్యాయమూర్తి అయ్యారు. అదే విధంగా ఆయన గవర్నరు నియామకం 2023 ఫిబ్రవరి 12న వెలువడగా, విజయవాడలో ప్రమాణం చేసినది ఫిబ్రవరి 24న. పదవి మొదలైనది రెండో తేదీ నుంచి.

తేదీలను సరిచూసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి 65 ఏళ్లకు, హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు విరమిస్తారు కాబట్టి చివరి పనిదినం సాధారణంగా పుట్టినరోజుకు ముందు రోజే అవుతుంది. జస్టిస్ నజీర్ 1958 జనవరి 5న పుట్టారు, 2023 జనవరి 4న విరమించారు. జస్టిస్ సదాశివం పుట్టినది 1949 ఏప్రిల్ 27, విరమించినది 2014 ఏప్రిల్ 26. మీ పట్టికలో ఈ లెక్క కుదరకపోతే రాజీనామా అయినా ఉండాలి, తేదీ అయినా తప్పై ఉండాలి.

ఇదే లెక్క ఫాతిమా బీవీ విషయంలో ఒక ఆసక్తికరమైన సంగతిని బయటపెడుతుంది. ఆమె 1927 ఏప్రిల్ 30న పత్తనంతిట్టలో పుట్టారు. 1989 ఏప్రిల్ 29న 62 ఏళ్లు నిండి కేరళ హైకోర్టు నుంచి విరమించారు. సుప్రీంకోర్టుకు నియమితులైనది అదే ఏడాది అక్టోబరు 6న. అంటే ఆమె హైకోర్టు నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లలేదు. విరమణ తరువాత అయిదు నెలలకు పైగా ఇంటి దగ్గర ఉన్న న్యాయమూర్తిని వెతికి పట్టుకొచ్చారు. ‘హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు పదోన్నతి పొందారు’ అని ఒక్క ముక్కలో రాసేస్తే ఈ ముఖ్యమైన మలుపు కనిపించకుండా పోతుంది.

మన రాష్ట్రాల న్యాయమూర్తుల గురించి రాసేవారు కోర్టు పేరు దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. 1954 జులై 5న గుంటూరులో మొదలైనది ఆంధ్ర హైకోర్టు. 1956 నవంబరులో హైదరాబాదులో ఏర్పడినది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. 2014 విభజన తరువాత అదే రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి హైకోర్టుగా కొనసాగి, 2019 జనవరి 1న తెలంగాణ హైకోర్టుగా, అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుగా విడిపోయింది. 1955లో గుంటూరులో ప్రమాణం చేసిన వ్యక్తిని ‘ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి’గా పరిచయం చేస్తే, అప్పటికి లేని రాష్ట్రాన్ని ఆయనకు అంటగట్టినట్లే.

కింది కోర్టుల సంవత్సరాలను ఒక్క వాక్యంలో దాటవేయవద్దని నా ప్రత్యేక విన్నపం. నేరుగా న్యాయవాద వృత్తి నుంచి హైకోర్టుకు వచ్చినవారికి ఆ దశే ఉండదు గానీ, కింది నుంచి వచ్చినవారిని మలిచినవి ఆ సంవత్సరాలే. ఫాతిమా బీవీ 1950లో న్యాయవాది అయ్యారు, 1958లో మున్సిఫ్ (కింది స్థాయి సివిల్ కోర్టు న్యాయమూర్తి) అయ్యారు, 1968లో సబార్డినేట్ జడ్జి, 1972లో చీఫ్ జ్యుడిషియల్ మేజిస్ట్రేట్, 1974లో జిల్లా సెషన్స్ జడ్జి, 1980లో ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ సభ్యురాలు, 1983లో హైకోర్టు న్యాయమూర్తి. మున్సిఫ్ బల్ల నుంచి సుప్రీంకోర్టు దాకా 31 ఏళ్లు. సుప్రీంకోర్టులో ఆమె గడిపినది మూడేళ్లు కూడా లేదు. అయినా ఆమె గురించి వచ్చిన వ్యాసాలలో నూటికి తొంభై వాక్యాలు ఆ చివరి మూడేళ్లనూ తమిళనాడు రాజ్‌భవన్‌నూ పట్టుకునే ఉంటాయి. ఆ కోర్టులలో పనిచేసిన పాత గుమాస్తాలు, స్టెనోగ్రాఫర్లు, అప్పట్లో జూనియర్లుగా ఉన్న న్యాయవాదులు ఇంకా ఉంటే ముందుగా వారి దగ్గరికే వెళ్లాలి. న్యాయమూర్తి ఉదయం ఎన్నింటికి బల్ల మీదికి వచ్చేవారు, వాయిదాలు ఇచ్చే అలవాటు ఎలా ఉండేది, సాక్షి భయపడితే ఏమనేవారు అన్నవి ఏ గెజిట్‌లోనూ దొరకవు.

తీర్పు ఎవరు రాశారు?

జీవిత చరిత్రలలో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. ధర్మాసనంలో కూర్చోవడం వేరు, తీర్పు రాయడం వేరు. నేను మొదటిసారి ఒక న్యాయమూర్తి పరిచయం రాసినప్పుడు పేరున్న ఒక తీర్పును ఆయన ఖాతాలో వేశాను. ముసాయిదా చదివిన ఒక పెద్దాయన, ఆ న్యాయమూర్తి ఆ ధర్మాసనంలో ఉన్న మాట నిజమేగాని అందులో ఒక్క వాక్యమైనా ఆయనది కాదని చెప్పి, తీర్పు ప్రతి మొదటి పుట తెరిచి చూపించారు. తీర్పు ప్రారంభంలో, ధర్మాసనం పేర్ల కింద, రచించిన న్యాయమూర్తి పేరు విడిగా ఉంటుంది. ఆ ఒక్క పేరు చూడకపోవడం వల్లే నేను పొరబడ్డాను.

జస్టిస్ నజీర్ జీవితమే దీనికి చక్కని ఉదాహరణ. ఆయన పేరు వినగానే అందరూ నాలుగు కేసులు చెబుతారు. 2017 ఆగస్టు 22న వెలువడిన ముమ్మారు తలాక్ తీర్పులో ఆయన మైనారిటీ పక్షాన, అంటే ధర్మాసనంలో తక్కువమంది న్యాయమూర్తులున్న వైపు ఉన్నారు. ఆ మైనారిటీ అభిప్రాయాన్ని రాసినది ప్రధాన న్యాయమూర్తి ఖేహర్, నజీర్ దానితో ఏకీభవించారు. రెండు రోజుల తరువాత గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది ధర్మాసనం ఇచ్చిన తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ రాసిన అభిప్రాయంపై నజీర్ సంతకం ఉంది. 2023 జనవరి 2న పెద్దనోట్ల రద్దును సమర్థించిన ధర్మాసనానికి ఆయన అధ్యక్షత వహించారు, కానీ మెజారిటీ తీర్పు రాసినది జస్టిస్ గవాయి. జస్టిస్ నాగరత్న విభేదించారు. ఇక 2019 నవంబరు 9 నాటి అయోధ్య తీర్పు మరీ ప్రత్యేకం: అయిదుగురూ ఏకగ్రీవంగా ఇచ్చిన ఆ తీర్పు మీద రచించినది ఎవరో పేరే లేదు. కాబట్టి ఈ నాలుగింటి విషయంలో ‘ఏకీభవించారు’, ‘అధ్యక్షత వహించారు’, ‘సభ్యులుగా ఉన్నారు’ అన్న క్రియలు వాడవచ్చుగాని ‘తీర్పులో రాశారు’ అనడం చెల్లదు. ఆయన న్యాయ చింతనను అంచనా వేయదలచినవారు ఆయన పేరు మీద ఉన్న సాధారణ సివిల్ అప్పీళ్లను, ముఖ్యంగా కర్ణాటక హైకోర్టులోని పద్నాలుగేళ్ల కృషిని తవ్వవలసి ఉంటుంది. అది విసుగు పుట్టించే పనే, కానీ దానికి మరో దారి లేదు. సుప్రీంకోర్టు నివేదికలు 2023 నుంచి ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నందువల్ల ఈ పని గతంలో ఉన్నంత కష్టం కాదు.

అసమ్మతి తీర్పు దొరికితే దానిని వదలకూడదు. ఏకీభవించిన న్యాయమూర్తి ఆలోచన మిగతావారి ఆలోచనలో కలిసిపోతుంది. విభేదించిన న్యాయమూర్తి మాత్రం తన కారణాలతో తానొక్కడే నిలబడాలి. ఫజల్ అలీని అర్థం చేసుకోవాలంటే 1950 నాటి ఎ.కె. గోపాలన్ కేసు దగ్గరికి వెళ్లాలి. విచారణ లేకుండానే ముందుజాగ్రత్తగా నిర్బంధించే నివారక నిర్బంధ చట్టం చెల్లుతుందని మెజారిటీ అన్నప్పుడు, వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన ప్రాథమిక హక్కులను ఒకదానితో ఒకటి సంబంధం లేని గదులుగా చూడరాదని, చట్టం నిర్దేశించిన విధానంలో న్యాయసమ్మతమైన పద్ధతి కూడా ఇమిడి ఉండాలని ఆయన విభేదించారు. రెండు దశాబ్దాల తరువాత 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులోనూ, 1978లో మేనకా గాంధీ కేసులోనూ సుప్రీంకోర్టు ఆ దృష్టికే వచ్చింది. అప్పటికి ఆయన జీవించి లేరు. ఒక తీర్పు తరువాతి గతి ఏమైందన్నది కూడా జీవిత చరిత్రలో భాగమే. నిలబడినదైనా, కొట్టివేతకు గురైనదైనా, చెప్పకుండా దాటేయకూడదు.

ఇంకొక మాట. కోర్టు బయట చేసిన ప్రసంగాలు తీర్పులూ కావు, ప్రభుత్వ పత్రాలూ కావు. మనిషి తన ఇష్టం మీద మాట్లాడిన సందర్భాలవి. 2021 డిసెంబరులో హైదరాబాదులో న్యాయవాదుల సభలో జస్టిస్ నజీర్ భారత న్యాయ వ్యవస్థను వలస ప్రభావం నుంచి విడిపించాలని, ప్రాచీన భారతీయ న్యాయ గ్రంథాలను చదవాలని చేసిన ప్రసంగం అప్పట్లో చర్చకు దారితీసింది. ఇటువంటివాటిని విడి దస్త్రంగా ఉంచుకుని, తీర్పులతో కలపకుండా, అవి చెప్పిన చోటు, తేదీ, శ్రోతలు ఎవరో పేర్కొంటూ వాడుకోవాలి.

విరమణకూ నియామకానికీ మధ్య

పాఠకులు ముందుగా తిప్పి చూసే పుట ఇదేనని గుర్తుంచుకుని రాయాలి. న్యాయమూర్తి గవర్నరు కావడం సబబా అన్న ప్రశ్న మన దేశంలో పాతది, ఇప్పటికీ తేలనిది. రాయబోయేవారు ముందు చట్టం ఏమంటుందో చెప్పాలి. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విరమణ తరువాత దేశంలోని ఏ కోర్టులోనూ వాదించరాదని 124వ అధికరణ, హైకోర్టు శాశ్వత న్యాయమూర్తి సుప్రీంకోర్టులోనూ ఇతర హైకోర్టులలోనూ తప్ప వాదించరాదని 220వ అధికరణ చెబుతున్నాయి. గవర్నరు పదవిని స్వీకరించరాదని మాత్రం ఎక్కడా లేదు. గవర్నరు కావడానికి భారత పౌరసత్వం, 35 ఏళ్లు నిండిన వయసు ఉంటే చాలు. గవర్నరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కాడని, అది స్వతంత్ర రాజ్యాంగ పదవి అని 1979లో సుప్రీంకోర్టు చెప్పింది. మరోవైపు గవర్నరు రాష్ట్రపతి ఇష్టం ఉన్నంత కాలమే ఆ పదవిలో ఉంటారు, ఆ ఇష్టం ఆచరణలో కేంద్ర మంత్రిమండలిది. విమర్శకుల వాదన అంతా ఈ ఒక్క అంశం చుట్టూనే తిరుగుతుంది. సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ 1958లో ఇచ్చిన 14వ నివేదిక, విరమించిన న్యాయమూర్తులు ప్రభుత్వం ఇచ్చే ఉద్యోగాలు స్వీకరించడం న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యానికి మంచిది కాదన్నది. ఆ కమిషన్‌లో సభ్యుడైన ఎం.సి. చాగ్లా అదే ఏడాది బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి అమెరికాలో రాయబారిగా వెళ్లారు. ఈ చర్చ ఎంత తికమకైనదో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఇక మీరు రాస్తున్న వ్యక్తి విషయంలో చేయవలసినది విరమణకూ నియామకానికీ మధ్య రోజులు లెక్కపెట్టి ఆ అంకెను రాయడం. జస్టిస్ నజీర్‌కు 39 రోజులు. జస్టిస్ సదాశివం 2014 ఏప్రిల్‌లో విరమించి సెప్టెంబరు 5న కేరళ గవర్నరుగా ప్రమాణం చేశారు, అంటే నాలుగు నెలలకు పైగా. భారత ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన వ్యక్తి గవర్నరు కావడం అదే మొదటిసారి కావడంతో కాంగ్రెస్ నుంచి, న్యాయవాద వర్గాల నుంచి తీవ్ర విమర్శలు వచ్చాయి. ఫాతిమా బీవీకి దాదాపు అయిదేళ్ల విరామం. మధ్యలో ఆమె జాతీయ మానవ హక్కుల కమిషన్ సభ్యురాలిగా ఉన్నారు. అంకెను రాశాక, విమర్శించినవారి మాటనూ సమర్థించినవారి మాటనూ, ఆ వ్యక్తి స్వయంగా ఇచ్చిన సమాధానం ఉంటే దానినీ రాయాలి. ఫలానా తీర్పుకు ఇది ప్రతిఫలం అన్న ఊహను ఆధారం లేకుండా కథనంలోకి ఎక్కించకూడదు. అలాగే అసలు విమర్శే రానట్లు రాయకూడదు. సావనీరులలో రెండోది, సామాజిక మాధ్యమాలలో మొదటిది ఎక్కువ. నా అభిప్రాయం అడిగితే, విరమణ తరువాత రెండేళ్లయినా ఎడం ఉండాలన్న వాదనలో బలం ఉందనే అంటాను. కానీ నా అభిప్రాయం మరొకరి జీవిత చరిత్రలో దొడ్డిదారిన ప్రవేశించకూడదు.

ప్రమాణ స్వీకారం వర్ణనలో ఒక చిన్న సంగతి చాలామంది గమనించరు. 159వ అధికరణ ప్రకారం గవర్నరుతో ప్రమాణం చేయించేది ఆ రాష్ట్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఒకనాడు దేశంలోని హైకోర్టుల తీర్పులన్నిటి మీదా అప్పీళ్లు విన్న వ్యక్తి ఆ రోజు ఒక హైకోర్టు న్యాయమూర్తి ఎదుట నిలబడి ఆయన చదివిన వాక్యాలను తిరిగి పలుకుతాడు. ఆ దృశ్యాన్ని నాలుగు వాక్యాలలో చక్కగా రాస్తే, పదవి మారిన సంగతి పాఠకుడికి వేరుగా చెప్పవలసిన పని ఉండదు.

రాజ్‌భవన్‌లో ఏది ఆయనది?

సంవత్సరారంభంలో ఉభయసభలనుద్దేశించి గవర్నరు చేసే ప్రసంగం 176వ అధికరణ కింద జరిగేది. దానిని రాసేది ప్రభుత్వం, ‘నా ప్రభుత్వం’ అని చదివేది గవర్నరు. కాబట్టి ఆ ప్రసంగంలోని సంక్షేమ పథకాల వాక్యాలను తీసుకుని ఇవి గవర్నరు ఆశయాలని రాయడం, తీర్పును రాయనివారికి అంటగట్టడం వంటి తప్పే. మంత్రిమండలి సలహా మీద జారీ అయ్యే ఆర్డినెన్సులు, నియామకాలు కూడా ఇలాంటివే. ఆయన సొంత నిర్ణయం కనిపించే చోట్లు కొన్ని మాత్రమే: ఎన్నికల తరువాత ఎవరిని ప్రభుత్వం ఏర్పాటు చేయమని పిలిచారు, వచ్చిన బిల్లును ఆమోదించారా, ఆపారా, తిప్పి పంపారా, రాష్ట్రపతికి నివేదించారా, రాష్ట్ర పరిస్థితిపై కేంద్రానికి ఏమి రాశారు, ఛాన్సలరుగా విశ్వవిద్యాలయాలలో ఏం చేశారు. మీ శ్రమ అంతా ఈ చోట్ల పెట్టాలి. ప్రారంభోత్సవాలకు, పతకాల ప్రదానాలకు ఒక్క వాక్యం చాలు.

జస్టిస్ సదాశివం 2018 ఏప్రిల్‌లో కేరళ శాసనసభ ఆమోదించిన ఒక బిల్లుకు ఆమోదాన్ని నిలిపివేశారు. రెండు ప్రైవేటు వైద్య కళాశాలలలో నిబంధనలకు విరుద్ధంగా జరిగిన ప్రవేశాలను క్రమబద్ధం చేయడానికి ఉద్దేశించిన బిల్లు అది; అంతకుముందు అదే ఉద్దేశంతో వచ్చిన ఆర్డినెన్సును సుప్రీంకోర్టు కొద్ది రోజుల ముందే నిలిపివేసింది. గవర్నరులోని పాత న్యాయమూర్తి కనిపించే ఘట్టం ఇది. అయితే ఆ ఆర్డినెన్సు మీద సంతకం చేసినదీ ఆయనే అన్న సంగతిని కూడా పక్కనే రాయాలి.

ఫాతిమా బీవీ గవర్నరు జీవితం ఇంతకన్నా క్లిష్టమైనది. 2001 మేలో జరిగిన తమిళనాడు ఎన్నికలలో గెలిచిన పార్టీ తన నాయకురాలిగా జయలలితను ఎన్నుకుంది. అవినీతి కేసులలో శిక్ష పడినందువల్ల జయలలిత నామినేషన్లు తిరస్కరణకు గురయ్యాయి, ఆమె శాసనసభ్యురాలు కారు. అయినా గవర్నరు ఆమెను ప్రభుత్వం ఏర్పాటు చేయమని ఆహ్వానించి మే 14న ప్రమాణం చేయించారు. జూన్ 30 తెల్లవారుజామున మాజీ ముఖ్యమంత్రి కరుణానిధిని అరెస్టు చేసిన తీరుపై దుమారం రేగడంతో గవర్నరును వెనక్కి పిలిపించాలని కేంద్ర మంత్రివర్గం సిఫారసు చేసింది, ఆమె రాజీనామా చేశారు. ఆంధ్రప్రదేశ్ గవర్నరు సి. రంగరాజన్‌కు తమిళనాడు అదనపు బాధ్యతలు అప్పగించారు. ఆ ఏడాది సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, శాసనసభ్యత్వానికి అనర్హురాలైన వ్యక్తిని ముఖ్యమంత్రిగా నియమించడం చెల్లదని తీర్పు చెప్పింది. తాను ఒకప్పుడు కూర్చున్న కోర్టే తన నిర్ణయాన్ని కొట్టివేసిన ఈ ఘట్టాన్ని మెత్తబరచకూడదు, మసాలా కూడా దట్టించకూడదు. ప్రజలు మెజారిటీ ఇచ్చిన పార్టీ ఎన్నుకున్న నాయకురాలిని పిలవడమే తన ధర్మమన్న దృష్టి ఒకటి, రాజ్యాంగం వేసిన అనర్హతను మెజారిటీ కూడా తుడిచివేయలేదన్న కోర్టు దృష్టి ఒకటి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూపితే సరిపోతుంది.

క్షమాభిక్ష దస్త్రాలు ఈ రెండు జీవితాలనూ ఒక చోట కలుపుతాయి. రాజీవ్ గాంధీ హత్య కేసులో ఉరిశిక్ష పడినవారి క్షమాభిక్ష అర్జీలను 1999లో గవర్నరుగా ఫాతిమా బీవీ తిరస్కరించారు. మంత్రిమండలి సలహా తీసుకోకుండా చేసిన ఆ తిరస్కరణ చెల్లదని మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. దస్త్రం మళ్లీ మంత్రిమండలికి వెళ్లివచ్చాక 2000లో నలుగురు దోషులలో నళినికి మాత్రం శిక్ష తగ్గింది, మిగిలిన ముగ్గురి అర్జీలు తిరస్కరణకు గురై రాష్ట్రపతి దగ్గరికి వెళ్లి ఏళ్ల తరబడి ఉండిపోయాయి. ఆ ఆలస్యాన్నే కారణంగా చూపి 2014 ఫిబ్రవరి 18న ఆ ముగ్గురి ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చినది భారత ప్రధాన న్యాయమూర్తి సదాశివం నేతృత్వంలోని ధర్మాసనం. ఏడు నెలలు తిరగకముందే ఆయనే గవర్నరై, 161వ అధికరణ కింద క్షమాభిక్ష దస్త్రాలు వచ్చే బల్ల దగ్గర కూర్చున్నారు. ఇటువంటి కలయికలు కల్పించినవి కావు. తేదీల పట్టిక సరిగా వేసుకున్నవారికి వాటంతట అవే కనిపిస్తాయి.

గవర్నరు పదవికి ముందూ వెనకా చేసిన పనులను కూడా వెతకాలి. ఫజల్ అలీ తెలుగువారికి తెలిసినది న్యాయమూర్తిగానో గవర్నరుగానో కాదు, రాష్ట్రాల పునర్విభజన కమిషన్ అధ్యక్షుడిగా. ఒరిస్సా గవర్నరుగా ఉండగానే 1953 డిసెంబరులో ఆయనను ఆ బాధ్యతకు నియమించారు. కుంజ్రూ, పణిక్కర్ సభ్యులుగా ఉన్న ఆ కమిషన్ 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చింది. తెలంగాణను అప్పటికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరగబోయే ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతుల మెజారిటీ కోరితే ఆంధ్రతో కలపవచ్చునన్న సిఫారసు అందులోదే. బిహార్‌తో తనకున్న చిరకాల సంబంధం వల్ల ఆ రాష్ట్రపు సరిహద్దు వివాదాల పరిశీలనలో ఆయన పాలుపంచుకోలేదు, హిమాచల్‌ప్రదేశ్‌పై మాత్రం విడిగా తన అసమ్మతి రాశారు. 1950 నాటి అసమ్మతి తీర్పు రాసిన కలమే ఇదని ఆ రెండు పత్రాలూ చదివినవారు ఇట్టే పోల్చుకుంటారు.

రాతలో గౌరవం, చివరి పరిశీలన

జీవిత చరిత్రలో ‘గారు’ ఎంత తక్కువగా వాడితే అంత మంచిది; బహువచన క్రియలోనే మన భాష కావలసిన గౌరవాన్ని ఇస్తుంది. న్యాయమూర్తిగా ఉన్న కాలానికి ‘జస్టిస్’ అని, గవర్నరుగా ఉన్న కాలానికి ‘గవర్నరు’ అని రాస్తే ఏ కాలం గురించి చెబుతున్నామో పాఠకుడికి తేలికగా తెలుస్తుంది. ‘మహామహిమ’ వంటి సంబోధనలు అక్కరలేదు; 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీయే దేశీయ కార్యక్రమాలలో ఆ పద్ధతి తగ్గించాలని నిర్ణయించారు. కుటుంబ సభ్యులతో మాట్లాడితే వారి మాటనూ పేరునూ వారు అనుమతించిన మేరకే వాడాలి, ఇంటి సంగతులలో పదవికి సంబంధం లేనివాటిని వదిలేయాలి.

పదవి ఎలా ముగిసిందో రాయకుండా ముసాయిదా ముగించవద్దు. సదాశివం అయిదేళ్లూ పూర్తిచేసి 2019 సెప్టెంబరులో వెళ్లారు, ఫాతిమా బీవీ రాజీనామా చేశారు, ఫజల్ అలీ అస్సాం గవర్నరుగా ఉండగానే 1959 ఆగస్టులో మరణించారు. ఆ తరువాత ఎర్ర పెన్సిలు పట్టుకుని మొత్తం ముసాయిదాను మరోసారి చదవండి. ‘ఆయన తీర్పునిచ్చారు’, ‘ఆయన రాష్ట్రాన్ని అభివృద్ధి చేశారు’, ‘ఆయన చట్టం తెచ్చారు’ వంటి వాక్యాలన్నిటి కిందా గీత గీయండి. ప్రతి గీత దగ్గరా ఆ పని నిజంగా చేసినది ఎవరో, ధర్మాసనమో, సహ న్యాయమూర్తో, మంత్రిమండలో, శాసనసభో, లేక ఆయనేనో కాగితం తీసి చూసి క్రియను మార్చండి. రెండు వందల పుటల పుస్తకానికి ఈ ఒక్క పనికే వారం రోజులు పట్టవచ్చు. ఆ వారాన్ని ప్రచురణకర్తకు ముందే చెప్పి ఉంచుకోండి.